చిటుక్

మాత్రని బ్లేడుతో సగం చేసి
ఇవాళ్టికి పదకొండో రోజు.

పెరంబూరు బస్సులో కళ్ళు పక్కకి తిప్పానా,
తలలో చిటుక్.
నొప్పి కాదు, చప్పుడూ కాదు.
దారం ఒకటి తెగి, మళ్ళీ ముడిపడ్డట్టు.
ఆ రెప్పపాటులో ఎక్కడికి పోయానో.

"సెరొటోనిన్ కావచ్చు," అంది డాక్టర్ తిలకవతి,
"నిద్ర చాలకపోవచ్చు,
తొందరపడి తగ్గించావేమో."
పెన్ను మూత పెట్టి, అరవంలో, మెల్లిగా:
"సరిగ్గా ఎవరికీ తెలీదమ్మా."
ఆ ఒక్క మాటకే ప్రాణం కుదుటపడింది.

పైత్యమంది వదిన. ఉసిరి నమలమంది. నమిలాను.

రాత్రి మా వీధిలో
కరెంటాఫీసు వాళ్ళు తీగలు మారుస్తున్నారు.
బల్బు ఆరి, వెలిగి, ఆరి
"పోలేదక్కా, మారుస్తున్నాం!"
నిచ్చెన మీంచి కదిరవన్ కేక, ఎదురింటావిడకి.

నాకు కాదులే ఆ జవాబు.
అయినా సరేనని తలూపాను.

చిటుక్.