నాన్నకు బరువయ్యేవి

బియ్యం కడిగిన నీళ్లు కరేపాకు చెట్టుకు పొయ్యమని
కెజియాకు ఎన్నిసార్లు చెప్పుంటానో.
తడి చెత్త పచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో అని
కథలాగా చెప్పినా, పాటలాగా చెప్పినా,
ఓపిక చచ్చి వీపు మీద ఒకటేసి కూడా చెప్పినా.
ఐదేళ్ల పిల్ల.
పచ్చ డబ్బాలో బొమ్మ చెయ్యి,
నీలం డబ్బాలో సగం కొరికిన ఇడ్లీ.
"రెండూ చెత్తే గదమ్మా" అనింది.
దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

వాళ్ల నాన్న దానియేలు నాలుగున్నరకే లేస్తాడు.
కొండ దారి లైట్లు ఇంకా ఆరి ఉండవు,
జీవకోన సందుల్లో చెత్త ఆటో మైకు మొదలవుతుంది.
వీధి వీధంతా ఆ పాటకు విసుక్కుంటా డబ్బాలు వెతుక్కుంటే
ఇది మాత్రం దుప్పట్లోనించి చెయ్యి బయటపెట్టి ఊపుతుంది,
గోడ అవతలికి.

గంగ జాతర ముగిసిన మర్నాడు
పదకొండుకు రావాల్సిన మనిషి మూడుకొచ్చినాడు,
చేతికి తువ్వాలు చుట్టుకొని.
"ఎవురో సాంబారన్నంలో పగిలిన ట్యూబులైటు కలిపి
కవరు మూతి గట్టిగా ముడేసినారు."
అంతే చెప్పినాడు. గొంతులో కోపం కూడా లేదు,
అదే నాకు నచ్చలేదు.
నేను పసుపు అద్దుతుంటే
పిల్ల గొంతుక్కూర్చుని ఆ చేతినే చూసింది.
"అన్నంలో గాజు ఎవురు పెట్టినారు నాన్నా?"
"ఎవురని చెప్పేది మే. అందరూ పెడతారు."
"మనం?"
ఆయన నా వైపు చూసినాడు.
నేను స్టవ్వు వైపు చూసినా.
పోయిన వారం పగిలిన ఊరగాయ జాడీ
ఏ కవర్లో పోయిందో నాకు గుర్తుంది.

ఆ సాయంత్రం
రెండు డబ్బాలూ పాత పేపరు మీద బోర్లించింది.
కసరబోయి ఆగినా.
కుప్పలు పోస్తాంది. రెండు కాదు, మూడు.
"ఇవి నాన్నకు గుచ్చుకునేవి.
ఇవి నాన్నకు వాసనొచ్చేవి.
ఇవి నాన్నకు బరువయ్యేవి."
కార్పొరేషనోళ్లకు తట్టని లెక్క.
బ్లేడు ముక్కకు నోటుపుస్తకం కాగితం నాలుగు మడతలు చుట్టి
పైన ఎర్ర పెన్సిలుతో ఒక ఏడుపు మొహం గీసింది.
నాన్నకు చదవడం రాక కాదు,
దానికింకా రాయడం రాక.

కలింగర కాయ తొక్కలు బరువు జాస్తి.
అవి మెట్ల కింద చిల్లిబకెట్లో మన్ను కప్పుకొని పడుకున్నాయి.
రోజూ మూత తీసి "మగ్గినారా?" అని అడుగుతుంది.
కవర్లు గాలంత తేలికే,
కానీ గాలి వాటిని కాలవలో వేస్తే
వంగి తీసేది నాన్న నడుమే గదా!
అందుకని మునిరత్నం అంగట్లో కవరొద్దనింది.
"రెండు రూపాయల పసుపుకు కవరొద్దంటే
దేంట్లో పోసేది మే?"
దోసిలి పట్టింది.
గాలికి కొంత, తుమ్ముకు కొంత పోగా
మిగిలిన పసుపుతో ఇంటికొచ్చింది, అరచేతులంతా పచ్చగా.
తిడదామని నోరు తెరిచినా.
ఆ చేతుల్ని చూస్తే ఇంకో చెయ్యి గుర్తొచ్చింది.

డ్రమ్ము కుళాయి మాత్రం ఇప్పటికీ కట్టదు.
పళ్లు తోముకుంటా చీమల్ని చూస్తా నిలబడితే
చెంబు నిండి, పొర్లి, గడప దాటుతుంది.
అరిస్తే జవాబు సిద్ధం:
"నీళ్లు నాన్న మొయ్యడు గదా,
ట్యాంకరు మామ గదా తెచ్చేది."

నిన్న రాత్రి లైటు తీసేసినాక
చీకట్లోనించి అడిగింది:
"అమ్మా, ట్యాంకరు మామకు కూతురుందా?"
"ఉంటుంది."
"పేరేంది?"
తెలీదన్నా.
"కనుక్కో" అని అటు తిరిగి పడుకునింది.

ఎల్లుండి ట్యాంకరొస్తుంది.
బిందెల వరసలో కాస్త ముందు నిలబడి
అడగాల.