దీపం మీద చుక్క

ముప్ఫై ఏళ్ళుగా నరసాపురంలో
కళ్ళజోళ్ళ కొట్టు నాది.
ఎవరి ముక్కు మీద ఎంత లోతు నొక్కు పడిందో
ఎవరి చెవి ఏ పక్కకి వాలిందో
నా వేళ్ళకి తెలుసు.
లేసు అల్లీ అల్లీ
నలభై దాటకుండానే దగ్గరచూపు పోగొట్టుకున్న ఆడవాళ్ళు
సగం ఊరు.

మొన్న బుధవారం రొయ్యల మేత కంపెనీ కుర్రాడొచ్చాడు, హేమసుందర్.
నల్ల ఫ్రేము బల్ల మీద పెట్టి
"పవర్ అద్దాలు వెయ్యాలండి, మైనస్ మూడు" అన్నాడు.
చేతిలోకి తీసుకుంటే బరువు.
చూపుకి ఉండాల్సిన బరువు కాదది.
ఒక మూల గాజుకన్ను
ఇంకో మూల ఆవగింజంత దీపం.

చెరువుగట్టు మీద చేతులు రెండూ వలకే సరిపోతాయిట.
రొయ్య తోక ఎర్రబడితే
భీమవరంలో కూర్చున్న డాక్టరుకి
ఈ జోడులోంచే చూపిస్తాట్ట.
మంచిదే కదా అన్నాను.

"ఇంకో చిన్న పనండి" గొంతు తగ్గించాడు.
"ఈ దీపం మీద నల్ల గోళ్ళరంగు చుక్కొకటి పెట్టగలరా?
తీస్తున్నప్పుడు వెలుగుతుంది.
వెలిగితే జనం ఒకలా అయిపోతున్నారు."

బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంటోందట.
టీ కొట్లో మాటలు సగంలో తెగిపోతున్నాయట.
పెళ్ళిచూపులకెళితే పిల్ల
"ముందు అవి తియ్యండి, తరవాత కాఫీ" అందట.
పంటు మీద చేపలబుట్ట కొల్లాటి మంగాయమ్మ అయితే
అందరూ వినేలాగే అందట:
"చూత్తే చూడు బాబూ, మూటగట్టుకోకు."

నాకు మా మేనత్త గుర్తొచ్చింది.
కళ్ళజోడున్న పిల్లని ఎవరు చేసుకుంటారని
పెళ్ళయ్యేదాకా ఆవిడ జోడు బియ్యండబ్బాలోనే ఉండేది.
పీటల మీద మొగుడి ముఖం
మసగ్గానే చూసింది.
ఊరు దానికి అలవాటు పడలేదూ!
దీనికీ పడుతుందేమో.
కానీ అత్త దాచింది తన జోడుని.
ఈ అబ్బాయి దాచమంటున్నది
ఎదుటివాళ్ళకి తెలియాల్సిన సంగతిని.
నా నెత్తి మీద గోడకీ ఒక కెమెరా ఉంది.
దాని కింద మాత్రం బోర్డు పెట్టాను.

అప్పుడే జోగిరాజు వచ్చాడు, పంటు రేవులో టిక్కెట్లు చింపేవాడు.
షుగరు కళ్ళు తినేసింది, నా దగ్గర వాడికి సరిపడే అద్దం లేదు.
ఊరికే కబుర్లకొస్తాడు.
కుర్రాడేమనుకున్నాడో, ఆ జోడు తీసి వాడి ముక్కు మీద పెట్టాడు.
జేబులోంచి నోటు తీశాడు జోగిరాజు.
కమ్మి ఏదో గుసగుసలాడింది, ఇంగ్లీషులో.
"యాభై అంటోందండి" కుర్రాడు తెలుగు చేశాడు.
నా వైపు తిరిగాడు. మళ్ళీ గుసగుస.
"కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడంటోందండి."
జోగిరాజు పగలబడి నవ్వాడు.
"పేరు చెప్పలేదా? పోనీలే,
అది నాకు తెలుసు."
తీసి ఇచ్చేటప్పుడు మాత్రం
కమ్మిని కాసేపు నిమిరాడు.

రాత్రి అద్దాలు కోసి బిగించాను.
మా ఆవిడ గోళ్ళరంగు సీసా
బల్ల మీదే ఉంది, మూత తీసి.
పుల్ల ముంచాను కూడా.
మళ్ళీ సీసాలోనే పెట్టేసి
మెత్తటి గుడ్డతో దీపాన్ని తుడిచాను.
ఇంకాస్త తుడిచాను.

పొద్దున్న కుర్రాడు వెలుతురుకి పట్టి చూసుకున్నాడు.
ఏమీ అనలేదు. చిల్లర కూడా అడగలేదు.

శనివారం మంగాయమ్మ వచ్చింది,
దారంతో కట్టిన కమ్మి పట్టుకుని.
స్క్రూ బిగిస్తోంటే తనే చెప్పింది:
"ఆ రొయ్యల కుర్రోడు మళ్ళీ పంటెక్కాడండి.
నన్ను చూసి జోడు తీసి జేబులో ఎట్టేసుకున్నాడు.
మెట్టు కనపడక తూలిపోతంటే
నేనే చెయ్యిచ్చాను.
ఎట్టుకో బాబూ, ఏట్లో పడతావన్నాను.
ఎట్టుకున్నాడు."

"మరి దీపం?"

"ఎలగలేదండి.
సఖినేటిపల్లి రేవొచ్చేదాకా
దాన్నే చూత్తా కూర్చున్నాను."