లాకులోళ్ళు

నాన్న పోయిన పదకొండో నెలలో
కావలి కోర్టు పక్కన, రేకుల పంచలో
నోటరీ గుమస్తా మూడు కాగితాలు వరసగా పరిచాడు.
బడి రిజిస్టర్లో నాకుల వెంగయ్య.
రేషను కార్డులో లోకుల వెంగయ్య.
ఉప్పు కొటారు వాళ్ళిచ్చిన పాత చీటీలో
లాకుల వెంగయ్య.
"ముగ్గురున్నారు గదమ్మా" అన్నాడు.
"ఒక్కడే సామీ. మా నాన్న."
ఒక్కడే అని చెప్పడానికి
వంద రూపాయల స్టాంపు కాగితం కావాలంట.

లాకంటే బకింగ్‌హాం కాలవ మీద కొయ్య తలుపులు.
దూరాన్నించి పడవోళ్ళు కొమ్మూదితే
మా ముత్తాత అంకయ్య కంబళి విదిలించుకుని లేచేవాడు.
పళ్ళచక్రం తిప్పితే తూములోంచి నీళ్ళొచ్చేవి,
పడవ మెల్లిగా పైకి లేచేది
ఉప్పుతో, పొగాకుతో, ఒక్కోసారి పెళ్ళివారితో.
నాన్న పసితనంలో తలుపు నెట్టబోతే
తాత చెయ్యి పట్టుకుని ఆపాడంట:
"బలం పెట్టబాక అబ్బయా,
రెండు పక్కలా నీళ్ళు ఒకటైతే అదే తెరుచుకుంటది."

అంతకుముందు మాకు ఇంకేదో ఇంటిపేరు ఉండే ఉంటుంది.
ఎవరూ దాచిపెట్టలా.
జీతాల పుస్తకంలో దొర రాసుకున్న మాట
మనోళ్ళ నోళ్ళలో నాని నాని
చివర ఒక 'ల' మొలిచి
మా గడపెక్కి కూర్చుంది.

జిల్లా పటం జిరాక్సు తీయించి
లాకులోళ్ళున్న చోటల్లా చింతగింజ పెట్టుకుంటా పోయాను.
ఇస్కపల్లిలో రెండు గడపలు.
తుమ్మలపెంటలో ఒక ముసలమ్మ, చెవులు వినపడవు,
ఏమడిగినా ఇంటిపేరే చెబుతుంది.
రామాయపట్నం కాడ ఉన్న ఇల్లు
రేవు పనుల్లో ఖాళీ చేశారంట, యాడికి పోయారో తెలీదు,
గింజ సగం విరిచి పెట్టాను.
కొత్తపట్నం వాళ్ళు లోకులైపోయారు.
"మేం వేరేనండీ" అంటా మంచినీళ్ళిచ్చిన పిల్ల
అచ్చం మా మేనత్త నుదురుతో నిలబడింది.

పటానికి కాస్త దూరం జరిగి చూస్తే
కాలవ కనపడింది.
పూడిపోయి, రొయ్యల గుంటల కింద నలిగిపోయి,
ఆ పటంలో సగం చోట్ల గీత కూడా లేని కాలవ
మా ఇళ్ళ వెంబడి పారతా ఉంది.

ఒక్క గింజ మాత్రం దారిలో కూర్చోలా.
మార్కాపురం.
పలకరాయి తప్ప పడవ ఎరగని ఊరు.

నాన్న ట్రంకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.
దాని తాళంచెవి ఎప్పుడో పోయింది.
బస్టాండు బయట చిరుగుల గొడుగు కింద
తాళాలు బాగుచేస్తా కూర్చోనుండాడు లాకుల పిచ్చయ్య.

వాళ్ళ తాత ఒక రాత్రి కునుకు తీశాడంట.
మూసిన తలుపుకు కొట్టుకుని ఉప్పు పడవ మునిగిందంట.
ఉప్పు కరిగిపోయింది, అప్పు కరగలా.
నీళ్ళు కనపడని చోటు దొరికేదాకా నడిచి
ఇక్కడ ఆగి, ఇంటిపేరు అడిగితే అబద్ధం చెప్పలేకపోయాడు.
ఇంగ్లీషొచ్చిన పంతులొకాయన దానికి అర్థం చెప్పాడు.
మర్నాటి నించి జనం
తుప్పుపట్టిన తాళాలు మోసుకొచ్చారు.
కాదని ఎంతమందికి చెబుతాడు?
నేర్చుకున్నాడు.

పిచ్చయ్య కాలవ చూడలేదు.
సముద్రం ఒక్కసారి చూశాడంట, భయమేసిందంట.
మా ఇద్దరికీ చుట్టరికం ఏముందో
వేళ్ళ మీద లెక్కేస్తే ఎక్కడో తెగిపోతా ఉంది.
నాలుగు మాటల తర్వాత ఏం మాట్లాడాలో తెలీక
పెట్టె మూత పట్టుకుని గుంజాను.

"బలం పెట్టబాకమ్మా" అన్నాడు.

చుట్టూ అందరూ 'మాక' అనే ఊళ్ళో
మూడు తరాలుగా ఎవరూ దిద్దని
ఆ 'బాక'.

సన్నకమ్మీ లోపలికి పోనిచ్చి, చెవి ఆనించి విన్నాడు.
టక్కుమంది.
డబ్బులు తీసుకోలా.
పెట్టెలో ఏముందో నన్ను చూసుకోమన్నట్టు
మొహం అటు తిప్పుకున్నాడు.