సగం చీటీ

ఇక్కడ ఆదివారం శుక్రవారం నాడే వస్తుంది.
సెలవు ఆ రోజే కాబట్టి దేవుడూ సర్దుకున్నాడు.
కువైట్ సిటీలో ఒకే ప్రహరీ లోపల
పై గదిలో మలయాళం, పక్క గదిలో తగాలోగ్,
మెట్ల కింద, జనరేటర్ చప్పుడులో మన తెలుగు.
పదకొండింటికల్లా గది ఖాళీ చెయ్యాలి,
నేపాలీ వాళ్ళు డోలక్ పట్టుకుని వరండాలో నిలబడి ఉంటారు.

ముప్పై నలుగురు పిల్లలు.
పాఠం చెప్పడం నాకు రాదు. గొంతూ అంతంతే.
ఫర్వానియాలో రాత్రి డ్యూటీ దిగి
కళ్ళలో ఇసుకతోనే వచ్చి
గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటాను.
నేను చేసే సేవల్లా చీటీలు చింపడం.

పసుపు అట్టముక్క, రెండు కొసలా ఒకే నంబరు.
కత్తెర వాడను.
కత్తెర అంచులన్నీ ఒక్కలాగే ఉంటాయి,
చేత్తో చింపిన అంచు ఇంకోదానితో కలవదు.
సగం పిల్ల గౌనుకి పిన్నీసుతో,
సగం అమ్మ పర్సులో.
రెండూ అతికితేనే పిల్ల గుమ్మం దాటేది.

గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలన్నాం.
వ్యానులో ఆఖరి పిల్ల ఒంటరిగా మిగలకూడదన్నాం.
రాజంపేట యేసురత్నం రంపం తెచ్చి
తలుపు మధ్య జానెడు కోసి అద్దం బిగించాడు,
కూలి తీసుకోలేదు, టీ మాత్రం రెండుసార్లు తాగాడు.

"మనలో మనకి అనుమానాలా?" అన్నారు కమిటీలో ఆశీర్వాదం గారు.
"ఈ ఎడారిలో మనమంతా ఒకటే కుటుంబం కదమ్మా."
కుటుంబమేనండి, అన్నాను.
అందుకే.

ఆ శుక్రవారం దుమ్ము లేచింది.
ఆకాశం పాత ఎక్స్‌రే ఫిల్ములా అయిపోయింది.
పిల్లలందరూ వెళ్ళారు, పదిహేడో నంబరు జెమీమా తప్ప.
ఆశీర్వాదం గారు వచ్చారు, కారు తాళాలు వేలికి తిప్పుతూ.
వాళ్ళమ్మ డ్యూటీలో చిక్కుకుందట,
అబ్బాసియాలో ఒకే బిల్డింగట, దింపేస్తారట.
నా పాస్‌పోర్టు పాత కంపెనీ బీరువాలో ఇరుక్కుంటే
మూడుసార్లు ఎంబసీకి తిరిగిన మనిషి.
"నేనెవరో నీకు తెలీదా?"
తెలుసండి. చీటీ?

వాళ్ళమ్మ ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది.
పిల్ల నా పక్కన కూర్చుని తన చీటీ అంచు మీద
వేలితో కొండలు ఎక్కి దిగుతోంది.
యాభై నిమిషాలు.
ఆయన కారులో, నేను కుర్చీలో.
మంచి మనిషే. కాదని నేననలేదు.
తలుపుకి ఆ సంగతి తెలియదు,
తెలియకూడదు కూడా.

పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో
వేసవి బైబిలు బడి ఉండేది.
వాక్యం తప్పు లేకుండా చెప్తే పెప్పర్మెంటు.
పెప్పర్మెంట్ల డబ్బా లోపలి గదిలో.
ఆ గదికి గడియ లోపలి వైపు.
ఆయనెవరో ఊరందరికీ తెలుసు.

జెమీమా వాళ్ళమ్మ పన్నెండు దాటాక పరుగున వచ్చింది,
యూనిఫాం మీద చున్నీ, కనుబొమ్మల నిండా మట్టి.
పర్సంతా బల్ల మీద బోర్లించింది.
బస్సు కార్డు, తలనొప్పి మాత్రలు, పావు దీనారు,
అట్టడుగున పసుపు ముక్క.
అతికించాను. కొండకి లోయ సరిపోయింది.
కారు అప్పుడే కదిలింది, హారన్ కొట్టకుండా.

ఆయన ఇప్పటికీ నాకు వందనాలు చెప్పరు.
మనవడు విజిట్ వీసా మీద వచ్చాడు, నంబరు ముప్పై ఐదు.
వాడి సగం చీటీని మాత్రం
చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంటారు.

అందరూ వెళ్ళాక అద్దం తుడుస్తాను.
లోపలి వైపు, కింద అంచున, బెంచీ ఎక్కిన పిల్లల ముక్కు మచ్చలు.
బయటి వైపు, మనిషెత్తున,
ఎవరిదో నుదురు ఆనించిన జిడ్డు.
నాదే కావచ్చు.