మూడు మిల్లీమీటర్లు

పార్దుబిత్సెలో అర్ధరాత్రి దాటితే
మా వంటింటి కిటికీ అద్దం
గూడ్సు బండ్ల భాషలో గొణుగుతుంది.
ఆ గొణుగుడు వింటూ నేను
బొమ్మ రైళ్లకు దారులు గీసే ప్రోగ్రాముకు
మరమ్మతులు చేస్తుంటాను.
జీతం లేని పని. ఎవరైనా అడిగితే
"అల్లికలు లాంటిదే" అని తప్పించుకుంటాను.

లెక్క తేలికే.
ముప్పై డిగ్రీల వంపులు పన్నెండు పేర్చితే
మొదలూ చివరా వచ్చి ముద్దు పెట్టుకోవాలి.
పెట్టుకోకపోతే తెర మీద ఎర్ర గీత.
దశాంశాలకు మొహమాటం ఉండదు.

బొహుమీర్ హావ్రాన్ గారి ఉత్తరం వచ్చింది,
కాగితం మీద, రంగు పెన్సిళ్ల పటంతో సహా:
"నా దారి మూడు మిల్లీమీటర్లు తెగిందంటోంది మీ ప్రోగ్రాము.
నా బండేమో పొద్దుటి నుంచీ
పద్దెనిమిది చుట్లు తిరిగింది.
ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు.
బండికి ఆ అలవాటు లేదు."

మూడు రాత్రులు వెతికాను.
కొసైన్లను కూడా అనుమానించాను.
తప్పు దొరకలేదు.
శనివారం ఖ్రుదిమ్ బస్సెక్కాను.

బేకరీ పొయ్యిలు బాగుచేసి రిటైరైన మనిషి.
రెండు బల్లల మీద పాత తలుపు పడుకోబెట్టి
దాని మీదే ఊరంతా కట్టారు.
పిడి ఊడిన కన్నం ఇప్పుడు బొగ్గు గని.
స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా మూడు.
"చూశారా" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన మాట్లాడలేదు.
మొదటి అతుకు నుంచి బయల్దేరి
బొటనవేలితో ఒక్కోదాన్నీ నొక్కుతూ,
వీధిలో ఇంటింటికీ చందా అడిగినట్టు,
ఒక చోట ఇంత, ఇంకో చోట ఇంకాస్త,
చుట్టూ తిరిగి వచ్చేసరికి
సందు లేదు.
"రేకు కదా," అన్నారు, "చెబితే వింటుంది."

తిరుగు బస్సులో
నా పట్టాలన్నీ రాతివని తెలిసింది.
పట్టు నేర్పాను వాటికి,
విడుపు నేర్పలేదు.

ఆ వారమంతా
ప్రతి అతుకుకీ పావు మిల్లీమీటరు, అర డిగ్రీ
చనువిచ్చాను.
ఎర్ర గీత పసుపు తిరిగింది.
కింద చిన్న అక్షరాల్లో: చేత్తో సర్దుకోవాలి.

పది రోజులకి ఒస్త్రవా నుంచి దాలిమిల్ అనే కుర్రాడు మండిపడ్డాడు.
"ఇప్పుడు ఏది పెట్టినా కలుస్తోంది!
ఎనిమిదో అతుకు దగ్గర
నా ఇంజను నేల మీద పడి చక్రం వంగింది."
వాడి మాటా నిజమే.
అతిగా వదిలితే అది దారి కాదు, తాడు.

ఎంత వరకు వదలొచ్చు? హావ్రాన్ గారినే అడిగాను.
జవాబు ఒక కార్డు ముక్క:
"ఇంజను పడేదాకా.
అక్కణ్ణించి ఒక వెంట్రుక వెనక్కి."

వెంట్రుకను కోడులో ఎలా రాయాలి?
సున్నా పాయింట్ రెండు అని రాశాను.
పక్కన గుర్తు కోసం: హావ్రాన్ గారి వెంట్రుక.
ఆ అంకె మీద నాకింకా నమ్మకం కుదరలేదు.
వచ్చే నెల మార్చినా మారుస్తాను.

ఈలోగా ఆయన కొత్త కోరిక.
గదిలోంచి కుట్టుమిషను కదలదట.
అది భార్య జ్దిస్లావా గారి షరతు.
దారి దాని కాళ్ల మధ్య నుంచే పోవాలి.
నా అడ్డంకుల జాబితాలో పియానో ఉంది,
మంచం ఉంది, కుక్క పడుకునే బుట్ట కూడా ఉంది,
కుట్టుమిషను లేదు.
కొలతలు పంపారు. కింద ఒక గమనిక:
తొక్కుడు పలక పైకి లేచినప్పుడే బండి దూరుతుంది,
దిగితే నలిగిపోతుంది.

చోటు తెలిసిన ప్రోగ్రాముకు
వేళ తెలియదు.

బయట ఏదో పొడవాటి గూడ్సు పోతోంది.
అద్దం ఆగకుండా గొణుగుతోంది.
జ్దిస్లావా గారు ఏ వేళప్పుడు కుడతారో
కనుక్కోమని ఉత్తరం మొదలుపెట్టాను,
కాగితం మీదే.