వీపు మీద ఊరి పటం

హనుమంతవాక మలుపు నా ఎడమ తుంటికి తెలుసు.
మద్దిలపాలెం దగ్గరి గొయ్యి
వెన్నులో నాలుగో పూసకి తెలుసు.
జగదాంబ దాటాక రోడ్డు ఎటు వాలుతుందో
మోకాలి వెనక నరం
కళ్ళు మూసుకునే చెప్పేస్తుంది.
పద్నాలుగేళ్ళు. ఖాకీ చొక్కా, భుజాన సంచీ,
కొమ్మాది నుంచి పాత పోస్టాఫీసు దాకా
నిలబడే ఊరంతా తిరిగాను.
పటం కావలసినవాళ్ళు
నా వీపు మీద వేలు పెట్టి వెతుక్కోవచ్చు.

రాత్రి ఇంటికొస్తే బూరుగు దూది పరుపు.
హుద్‌హుద్ గాలికి కిటికీ రెక్కలు ఊడిన నాడు
మూడు బిందెల వాన తాగింది.
ఎన్ని ఎండలు చూపించినా
లోపలెక్కడో ఒక చెమ్మ, ఒక ఉండ.
సముద్రం పక్క ఊళ్ళో ఏదీ పూర్తిగా ఆరదు.
మధ్యలో గుంట.
రాత్రంతా అందులోకి జారడం, తెల్లారి
మంచం పట్టె పట్టుకుని గట్టెక్కడం.

"వయసమ్మా" అంది పక్క వాటా అత్త.
"కాల్షియం" అన్నాడు మందుల షాపువాడు.
డ్రైవరు సన్యాసిరావు ఆవనూనె అన్నాడు.
కేజీహెచ్‌లో మూడు గంటలు వరసలో నిలబడ్డాక
(నడుం నొప్పికి కూడా నిలబడే వైద్యం)
డాక్టరు హైమవతి గారు ఎక్స్‌రే వెలుగుకి పెట్టి
ఒక్కటే అడిగారు:
"దేనిమీద పడుకుంటారు?"

ఎంత చదివావని అడిగారు, ఎంత తెస్తావని అడిగారు,
మగపిల్లాడు లేడా అని అడిగారు.
నలభై మూడేళ్ళలో ఇది ఎవరూ అడగలేదు.

డాబాగార్డెన్స్‌లో పరుపుల షాపు.
అద్దం తలుపు, ఏసీ, కొత్త ప్లాస్టిక్ వాసన.
సేల్స్ కుర్రాడు గోవిందు
"ఒకపాలి పడుకోని సూడండమ్మా,
సెప్పులైతే ఏసుకుని నడవరా ఏటి?" అన్నాడు.
యూనిఫాంలో, అందరూ చూస్తుండగా!
వందమంది మధ్య రోజూ నిలబడ్డానే గానీ
నలుగురి ముందు నడుం వాల్చింది లేదు.

మొదటిది మెత్తన. బెల్లప్పాకంలో చీమనయ్యాను.
"హాయిగుంటది గానీ, నడుం ఉయ్యాలైపోద్ది" అన్నాడు.
రెండోది బల్లచెక్క. భుజం ఒప్పుకోలేదు.
మూడోదాని మీద వెల్లకిలా పడుకున్నాక
"నడుం కింద సెయ్యెట్టండి.
సులువుగా దూరితే మరీ గట్టి.
దూరకపోతే మరీ మెత్తన."
దూరింది, కానీ
రద్దీ బస్సులో దారి చేసుకున్నట్టు
కాస్త బతిమాలుకుని.
అదే సరైనదనుకుంటా.
ఎందుకంటే ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు.

లేచేసరికి షాపులో సగం దీపాలు ఆర్పేశారు.
సంచీ కడుపు మీద, రెండు చేతులూ సంచీ మీద.
నిద్రలోనూ చిల్లరకి కాపలా!
గోవిందు స్టూలు మీద కూచుని
తన నడుం తనే నొక్కుకుంటున్నాడు.
పొద్దుణ్ణించీ పాతిక పరుపులు ఎత్తి దించాడట.
"నువ్వు దేనిమీద పడుకుంటావు బాబూ?"
"గోడౌన్లో, అట్టల మీద" అన్నాడు
బిల్లు రాస్తూ, తలెత్తకుండా.

పన్నెండు వాయిదాలు.
ఇంటికొచ్చిన నాలుగో రోజో ఐదో రోజో
బయల్దేరుతుంటే ఏదో మరిచిపోయినట్టనిపించింది.
గ్యాసు కట్టేశాను. తాళం వేశాను. ఐడీ కార్డు మెళ్ళోనే ఉంది.
ఎండాడ దాటాక తెలిసింది:
నడుం.
అదొకటి ఉందన్న సంగతే మరిచాను.
హనుమంతవాక నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది.

మహత్యమేమీ లేదు. గొయ్యి గొయ్యే.
సాయంత్రానికి నాలుగో పూస మళ్ళీ సణుగుతుంది.
కాకపోతే ఇప్పుడు
రాత్రి దాని మాట వినేది ఒకటుంది ఇంట్లో.

నిన్న పాత పోస్టాఫీసు దగ్గర
చేపల తట్టతో ఒకామె ఎక్కింది.
తట్ట దించి, ఇనప కడ్డీకి వెన్ను ఆనించి
పళ్ళ మధ్య గాలి పీల్చింది.
ఆ చప్పుడు నాకు తెలుసు.
నా సీటు ఇచ్చాను. సున్నా టికెట్టు కొట్టిచ్చాను.
డాక్టరు గారి ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది.
అడిగితే ఆమె చెబుతుంది.
చెప్పాక, తిరిగి ఇవ్వడానికి నా దగ్గరేముంది?
చిల్లర లేని కండక్టరులా
మొహం పక్కకు తిప్పుకుని
తర్వాతి స్టాపు పేరు గట్టిగా అరిచాను.