ఉల్టా చలికాలం

పుస్తకాలల్ల రాసిందాని మీదికి పోవద్దు.
చలి రాంగనే దోమలు సచ్చిపోతయట,
మొగయి ముందు పోతయట,
ఆడయి ఏ సందుల్నో రెక్కలు ముడుసుకొని
ఎండ పొడ వచ్చేదాక ఉపాసముంటయట.
అది మంచు వడే దేశాల ముచ్చట.

ఈడ, రాస్ అల్ ఖైమాల,
ఎండాకాలమే వాటికి చలికాలం.
జూన్‌ల ఇనుప నిచ్చెన పట్టుకుంటె చెయ్యి ఊడి రాదు.
నలభై ఎనిమిది డిగ్రీలల్ల దోమ రెక్క
పెనం మీది ఉల్లిపొర.
అప్పుడవి మ్యాన్‌హోళ్లల్లకు దిగుతయి,
లిఫ్టు గుంతలల్ల, ఏసీ పైపు కారే తడి మూలల,
పన్నెండున్నర నుంచి మూడు దాక
మేం నీడ దేవులాడినట్టే.
గుడ్లయితె ఇంకా మొండియి.
ఎండిన డబ్బా గోడకు నల్లగ, నువ్వుల కంటె సన్నగ అంటుకొని
నెలలకు నెలలు నీళ్లు లేకుండ ఉంటయి.
సచ్చినయో బతికినయో వాటికే తెల్వదు.

నవంబరు ఆఖర్ల ఒక వాన వడ్తది.
గుట్టల దిక్కు నుంచి, అరగంట.
అంతే. ఊరంత స్వెట్టర్లు, ఊరంత దోమలు.

నేను కంపెనీ దోమల మనిషిని.
తెల్ల గరిటె, టార్చిలైటు, ఒక రిజిస్టరు.
చిన్నప్పుడు మా గోడ మీద గేరుతోని తేది రాసి
డీడీటీ కొట్టిపోయేటోడు ఒక సారు.
గోడంత తెల్ల మచ్చలని మా నాయనమ్మ
ఆయన మలుపు తిరగంగనే పేడతోని అలికేది.
ఇప్పుడు ఆ సారును నేనే.
తిట్లు మాత్రం అరబ్బీల.

మంగళారం, నఖీల్ కాడ ఒక విల్లా.
ట్యాంకి మూత మంచిగనే ఉంది.
ఫౌంటెన్‌ల నీళ్లు లేవు, ఆకులున్నయి.
వెనుక, పనామె రూము కిటికీల
ఒక జ్యూసు సీసా, దాంట్ల మనీప్లాంటు తీగ.
టార్చి కొట్టిన.
పద్దెనిమిది.
తలకిందులుగ వేలాడుకుంట
తోకతోని గాలి పీలుస్తున్నయి.
వెలుతురు వడంగనే వంకర్లు తిరుక్కుంట అడుక్కు దిగినయి.

"అన్నా, తెలుగోళ్లా?"

ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కవెట్టిన్నట.
హుసేనమ్మ. రాజంపేట కాడ ఏదో పల్లె.
"మేడమ్ ఆ తీగ పారేస్తాంటే తెచ్చుకున్యా.
పురుగులా అవి? చేపపిల్లలేమో అనుకున్యానన్నా.
పొద్దన లేస్తానే చూచ్చాండా.
తల ఊపుతాంటాయి గదా."

దోమలక్కా, అన్న. ఎల్లుండికి లేస్తయి.
జరసేపు ఏమనలే.
సీసా వంక చూస్కుంటనే అడిగింది:
"మరి ఎండాకాలం యాడికి పోతాయి?"
యాడికీ పోవు. ఈన్నే ఉంటయి. కనవడవు.
"ఈ రూములో ఏసీ లేదులే," అంది,
"ఎండలకు నేను గూడా కింద స్టోరులోనే,
బియ్యం మూటల కాడ పండుకుంటా."

రిజిస్టర్ల ఆరో కాలమ్: దొరికినవి, ఎక్కడ.
పనామె రూము అని రాస్తె
ఫైను ఇంటాయనకు,
ఇంటాయన నుంచి ఆమె జీతానికి.
సీసాను ఇసుకల బోర్లించిన.
నీళ్లు ఇంకుతాంటె పద్దెనిమిదీ జర మెరిసినయి.
తీగ కడిగి ఇచ్చిన.
లోపల పీచుతోని రుద్దక్కా, గుడ్లుంటయి,
వారానికోసారి నీళ్లు మార్చు.
ఆరో కాలమ్‌ల సున్న వెట్టిన.
కొంచెం పెద్దగనే వెట్టిన.

రాత్రి క్యాంపు. ఎనిమిది మంచాలు, ఒకటే కిటికీ.
దోమల మందు కొట్టేటోని చెవిల్నే వచ్చి పాడుతది.
రఫీకుల్‌కు నవ్వు ఆగదు.
రెండో చప్పట్లకు దొరికింది.
ఆడదే, మొగదానికి నెత్తురుతోని పనిలేదు.
అరచేతిల ఎర్రగ, ఆవగింజంత.
నాదో, రఫీకుల్‌దో,
పై మంచం నేపాలీ పోరనిదో.
దానికి కాలమ్ లేదు.
లుంగీకి తుడుసుకొని లైటు బంద్ చేసిన.
నాలుగున్నరకు బస్సు.
రేపు చేపల మార్కెటు.